పీజీ చదివాక మీ ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో నిజంగా ఏం మారింది?

సునీత_గణితం | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నల్గొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. సర్వీసు పదకొండేళ్లు. ఈ మధ్యే దూరవిద్యలో ఎడ్యుకేషన్ ఎం.ఏ. పూర్తి చేశాను. స్టాఫ్‌రూమ్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ప్రమోషన్‌కి పనికిరాదు, జీతం పెరగదు, మరి ఎందుకు చదివినట్టు?" ఇంట్లో మా అత్తయ్య గారు కూడా అదే అడిగారు. నాకు జవాబు తెలుసు కానీ రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా డిసర్టేషన్ ఏడో తరగతి దశాంశాల మీద. ఒక పరీక్ష పెట్టాను. ఒక ప్రశ్న: 0.5, 0.35 లో ఏది పెద్దది? చాలామంది 0.35 అని రాశారు. ఇదివరకైతే ఎర్ర పెన్నుతో ఇంటూ పెట్టి, బోర్డు మీద స్థానవిలువల పట్టిక గీసి మళ్లీ చెప్పేదాన్ని. ఈసారి తప్పు రాసిన ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని "ఎట్లా అనుకున్నావు నాన్నా?" అని అడగాల్సి వచ్చింది, ఎందుకంటే నా గైడ్ మేడమ్ జవాబులతో పాటు కారణాలు కూడా కావాలన్నారు.

ఒక బాబు అన్నాడు, "ముప్పై ఐదు పెద్దదా, ఐదు పెద్దదా మేడమ్?" ఇంకో పాప అయితే 0.6 కంటే 0.07 పెద్దది అంది. ఎందుకే అంటే, "రెండు అంకెలున్నయ్ గదా". మరో అబ్బాయి దీనికి పూర్తిగా రివర్స్. 0.3, 0.45 లో 0.3 పెద్దదన్నాడు. వందో వంతు చిన్న ముక్క కాబట్టి, వందో వంతుల దాకా వెళ్లిన సంఖ్య చిన్నదే అవుతుందని వాడి లెక్క. ఈ రెండు రకాల వాళ్లకూ ఒకే ఇంటూ పెడుతూ వచ్చాను. నిజానికి వాళ్లకు కావాల్సిన పాఠాలు వేర్వేరు.

అన్నిటికంటే గట్టిగా తగిలింది ఇంకొకటి. 0.35 ని క్లాసులో నేనే "సున్నా పాయింట్ ముప్పై ఐదు" అని చదువుతున్నాను. పిల్లలకు ముప్పై ఐదు వినిపించింది నా నోటి నుంచే. పైగా అర్థం కావాలని రూపాయలు, పైసలతో ఉదాహరణ ఇచ్చేదాన్ని. 3.5 రూపాయలు అంటే ఎంత అని అడిగితే సగం క్లాసు "మూడు రూపాయల ఐదు పైసలు" అంది. పావలా బిళ్ల చెల్లకుండా పోయి 2011 నుంచి ఇన్నేళ్లయింది. ఈ పిల్లలు పైసలు చేత్తో పట్టుకుని ఎరగరు. వాళ్లకు చుక్కకు అటు ఒక సంఖ్య, ఇటు ఇంకో సంఖ్య, అంతే.

ఇప్పుడు "పాయింట్ మూడు ఐదు" అని చదువుతున్నాను. డబ్బులు పక్కన పెట్టి, మీటర్ టేపు, స్కేలు పట్టుకుని మొదలుపెడుతున్నాను. ఇంత చిన్న మార్పుకి రెండేళ్ల చదువు కావాలా అంటే, నా విషయంలో కావలసి వచ్చింది.

మీరు పీజీ చేసి ఉంటే, ఏ పీజీ అయినా సరే, మీ క్లాసులో ఏం మారిందో రాయండి. ఏమీ మారలేదంటే అదీ రాయండి.

—

కొత్త_టీచరమ్మ | ఆదివారం, రాత్రి 10:15

మేడమ్, నేను 2024 డీఎస్సీలో వచ్చాను. ఎం.ఎడ్. చేయాలని ఉంది. 2014 నిబంధనలతో అది రెండేళ్ల కోర్సు అయింది కదా, ఉద్యోగం చేస్తూ ఎలా అని టెన్షన్‌గా ఉంది. మీది చదివాక ఇంకా ఎక్కువ చేయాలనిపిస్తోంది. మీరు రోజూ ఎప్పుడు చదివేవారు?

—

వెంకట్_సోషల్ | ఆదివారం, రాత్రి 10:52

సునీత గారూ, మంచి అనుభవం రాశారు. అయినా ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగడానికి ఎం.ఏ. ఎందుకండీ? ఓపిక ఉన్న ఏ టీచరైనా చేస్తాడు. నేను ఎం.ఏ. హిస్టరీ చేశాను, జూనియర్ లెక్చరర్ అవుదామని. అది కాలేదు. శాసనాలు, వంశాలు, తేదీలు చాలా చదివాను. ఏడో తరగతిలో కాకతీయుల పాఠం మాత్రం ఎం.ఏ.కి ముందు ఎలా చెప్పానో తర్వాతా అలాగే చెప్పాను. ఇరవై రెండేళ్లలో నాకు పాఠం చెప్పడం నేర్పింది అనుభవమే. ఆ డిగ్రీ ఫైలులో ఉంది.

—

బోటనీ_మాస్టారు | సోమవారం, ఉదయం 6:05

మాది కృష్ణా జిల్లా. నాకు ఎం.ఎస్సీ. బోటనీ. నా అనుభవం వెంకట్ గారి దానికీ, సునీత గారి దానికీ మధ్యలో ఉంటుంది.

ఎం.ఎస్సీ. అయిన మొదటి రెండేళ్లు నా పాఠం పాడైంది. ఇది నిజాయితీగా చెప్తున్నాను. తెలిసిందంతా చెప్పేయాలన్న ఆత్రం. ఏడో తరగతి పిల్లలకు శ్వాసక్రియ చెప్తూ క్రెబ్స్ వలయం బోర్డు మీద గీశాను. వాళ్లు చక్కగా రంగులతో నోట్సులో దించుకున్నారు. మా హెచ్‌ఎం గారు వెనక బెంచీలో కూర్చుని విని, బయటికి వచ్చాక భుజం మీద చెయ్యి వేసి, "బాబూ, వాళ్లలో ఎవరికైనా ఊపిరి పీల్చడం గురించి ఏమైనా తెలిసిందా?" అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత నెమ్మదిగా దారిలో పడ్డాను. లోతుగా చదివినందుకు లాభం పాఠం చెప్పేటప్పుడు కనిపించలేదు నాకు. పిల్లలు ఊహించని ప్రశ్న వేసినప్పుడు కనిపించింది. ఎనిమిదో తరగతి అమ్మాయి, "రాత్రిళ్లు చింతచెట్టు కింద పడుకోకూడదని మా నానమ్మ అంటుంది. చెట్టు మన గాలి లాగేసుకుంటుందా సార్?" అంది. పుస్తకం ఒక్కటే తెలిసిన రోజుల్లో "అవునమ్మా, రాత్రి చెట్లు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి" అని తలూపి ముందుకు పోయేవాణ్ని. ఇప్పుడు ఆగాను. చెట్టు పగలూ రాత్రీ శ్వాసిస్తూనే ఉంటుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించిపోతుంది కాబట్టి మనకు ఆక్సిజన్ వదులుతున్నట్టే కనిపిస్తుంది. రాత్రి వదిలే కార్బన్ డయాక్సైడ్ బయట గాలిలో కలిసిపోతుంది, మనిషికి ఊపిరాడకుండా చేసేంత కాదు. ఇదంతా నేను చెప్పలేదు. "ఇంట్లో నీ పక్కన మీ తమ్ముడు పడుకుంటాడు కదా, వాడు ఏం వదులుతున్నాడు?" అని అడిగాను. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి నవ్వింది. మర్నాడు చెరువులోంచి హైడ్రిల్లా తెచ్చి గాజుగ్లాసులో వేసి, ఎండలో నిమిషానికి ఎన్ని బుడగలు, నీడలో ఎన్ని బుడగలు అని వాళ్లచేతే లెక్కపెట్టించాను.

ఏ ప్రశ్న దగ్గర ఆగాలో తెలియడానికి సబ్జెక్టు కావాలి. ఎంత చెప్పకుండా ఉండాలో తెలియడానికి నాకైతే ఆ హెచ్‌ఎం గారు కావలసి వచ్చారు.

—

సునీత_గణితం | సోమవారం, సాయంత్రం 5:30

వెంకట్ సార్, అనుకోవడానికి ఏమీ లేదు, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. ఓపిక నాకు ముందూ ఉంది. పదకొండేళ్లలో ఆ ఇంటూలు ఎన్ని వందలు పెట్టానో. ఒకే అనుభవం పదకొండుసార్లు జరిగింది, అంతే. అందులోంచి నన్ను ఎవరూ ఆపి అడగలేదు.

గైడ్ మేడమ్ నా మొదటి డ్రాఫ్ట్‌లో "పిల్లలకు స్థానవిలువ అర్థం కాలేదు" అన్న వాక్యం పక్కన పెన్సిల్‌తో "ఇది నీకెలా తెలుసు?" అని రాశారు. రెండో పేజీలో మళ్లీ అదే. ఆరో పేజీలో మళ్లీ. మొదట కోపం వచ్చింది. రోజూ క్లాసులో ఉండేది నేను, నాకు తెలియదా అని. తర్వాత నిజంగా ఆలోచిస్తే నాకు తెలియదు. నేను ఊహించాను. ఇప్పుడు ఏ నోట్‌బుక్ దిద్దినా ఆ పెన్సిల్ అక్షరాలు కనిపిస్తాయి. నాకు డిగ్రీ ఇచ్చింది అదొక్కటే అన్నా నాకు చాలు.

కొత్త టీచరమ్మా, తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరు. అంతకుమించి దొరకలేదు. ఎండాకాలం సెలవులు మొత్తం దానికే పోయాయి. మా పాప అలిగింది కూడా. దాచి చెప్పడం లేదు, కష్టమే. సెలవు విషయం మాత్రం మాటల మీద వదలకండి, హెచ్‌ఎం దగ్గర రాతపూర్వకంగా మొదలుపెట్టండి.

—

తెలుగు_రాఘవ | సోమవారం, రాత్రి 9:10

నేను తెలుగు పండితుణ్ని. సొంతూరు గుంటూరు వైపు, ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో సిరిసిల్ల ప్రాంతానికి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. తర్వాత భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేశాను. ఆ చదువుకు ముందు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి. వ్యాసం రాయమంటే మూడే వాక్యాలు రాసేది. ఒకసారి "మా నాన్న" అని ఇచ్చాను. "మా నాన్న సాంచల మీద పని చేస్తడు. రాత్రి వచ్చిండు" అని రాసింది. "సాంచ" కి ఎర్రసున్నా చుట్టి పైన "మరమగ్గం" అని రాశాను. "చేస్తడు", "వచ్చిండు" కొట్టేసి "చేస్తాడు", "వచ్చాడు" అని దిద్దాను. రెండు వాక్యాల్లో మూడు ఎర్రగీతలు. ఆ ఊళ్లో మరమగ్గం అన్నవాళ్లు ఎవరూ లేరు. అందరూ సాంచ అనే అంటారు. తెలియనిది నాకు, తప్పు పడింది ఆ పిల్లకి.

ఎం.ఏ.లో ఒక పాఠం విన్నాక తల తిరిగిపోయింది. "వచ్చినాడు" అన్న ఒక్క రూపమే ఒకచోట "వచ్చాడు" అయింది, ఇంకోచోట "వచ్చిండు" అయింది. రెండూ నియమం ప్రకారమే మారాయి. ఒకటి పుస్తకాల్లోకి ఎక్కింది, ఇంకొకటి ఎక్కలేదు. చిన్నప్పటి నుంచి నేను మాట్లాడింది పుస్తకంలో ఉండటం నా గొప్పేమీ కాదని అప్పటిదాకా తట్టలేదు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలతో తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం 1962లో వచ్చింది, చేనేత పదాల సంపుటం 1971లో. రైతుల దగ్గరికి, నేతగాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుని, వాళ్ల నోటి మాట వాళ్లు పలికినట్టే రాసుకున్నారు. మేము ఆ పద్ధతి చదువుతున్నప్పుడు నా బుర్రలో ఆ అమ్మాయి నోట్‌బుక్కే తిరిగింది.

ఇప్పుడు బోర్డు మీద రెండు గడులు గీస్తాను. ఒకటి "ఇంట్లో ఎట్లా అంటం", రెండోది "పరీక్షలో ఎలా రాస్తాం". మొదటి గడిలో ఏ మాటా తప్పు కాదు. రెండో గడి కూడా నేర్పుతాను, గట్టిగానే నేర్పుతాను, రేపు పోటీ పరీక్షల్లో పిల్లలు నష్టపోకూడదు. రాసేటప్పుడు మాత్రం మొదటి ప్రతి ఎలా వస్తే అలా రాయమంటాను, దిద్దడం రెండో ప్రతిలో. గత ఏడాది ఎనిమిదో తరగతి వాళ్లచేత ఇళ్లల్లో నేత మాటలు పోగు చేయించాను. పడుగు, పేక, నాడె, కండె వచ్చాయి. సాంచల దగ్గర పనిచేసే ఇళ్ల నుంచి ఏ కోశంలోనూ నేను చూడని మాటలు కూడా వచ్చాయి. ఒక్క వాక్యం దాటని అబ్బాయి ఒకడు సాంచ తిప్పేటప్పుడు పోగు తెగితే ఏం చేస్తారో పేజీన్నర రాశాడు. చదువుతుంటే నాకు ఆ చప్పుడు వినిపించింది.

ఆ అమ్మాయి మాత్రం ఎప్పుడో పదో తరగతి పూర్తి చేసి వెళ్లిపోయింది.

—

శిరీష_షార్లెట్ | మంగళవారం, ఉదయం 7:25

రాఘవ గారూ, మీది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

నేను నార్త్ కరోలినాలో ఆరో తరగతి సైన్స్ చెప్తాను. ఇక్కడ మాస్టర్స్ గురించి వాదన ఎప్పుడూ ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ప్రొఫెషనల్ సర్టిఫికెట్ కావాలంటే టీచరు కొన్నేళ్లలో మాస్టర్స్ పూర్తి చేసి తీరాలి. మా రాష్ట్రం మాత్రం మాస్టర్స్ చేసిన కొత్త టీచర్లకు ఇచ్చే అదనపు జీతం ఆపేస్తూ 2013లో చట్టం చేసింది. టీచరుకు డిగ్రీ ఉండటానికీ పిల్లల మార్కులకూ పెద్ద సంబంధం లేదని ఇక్కడి అధ్యయనాలు చాలావరకు చెప్పాయి, గణితం టీచరు గణితంలోనే పైచదువు చదివితే మాత్రం కొంత తేడా కనిపించిందని అన్నాయి. కాబట్టి వెంకట్ గారి అనుమానం తేలిగ్గా తీసిపారేసేది కాదు.

అయినా నేను చేశాను, జీతం పెరగదని తెలిసే. ఒక కోర్సులో మా క్లాసు మేమే వీడియో తీసుకుని చూడాలి. నలభై నిమిషాల వీడియో. నేను మంచి టీచర్ననే అనుకుంటూ కూర్చున్నాను చూడటానికి. ప్రశ్న అడిగి ఎంతసేపు ఆగుతున్నానో స్టాప్‌వాచ్‌తో చూస్తే ఒక్క సెకను. ఎక్కడా రెండు దాటలేదు. పైగా అడిగిందంతా ముందు వరసలో ఉన్న నలుగుర్నే. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే ఇది కనిపెట్టారు. టీచర్లు సగటున ఒక సెకను ఆగుతారు, మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగవుతాయి, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు మాట్లాడతారు అని. పరీక్షలో ఆ సిద్ధాంతం రాసి మార్కులు తెచ్చుకున్నాను. నా వీడియో చూసేదాకా అది నా గురించేనని తెలియలేదు.

మూడు సెకన్లు ఆగడం ఎంత కష్టమో ఆగి చూస్తే తెలుస్తుంది. క్లాసు నిశ్శబ్దమైపోతుంది, గుండె కొట్టుకుంటుంది, ఏదో ఒకటి చెప్పేయాలనిపిస్తుంది. వీపు వెనక చేతులు కట్టుకుని వేళ్లు లెక్కపెట్టుకునేదాన్ని. రెండో వారం అనుకుంటా, ఆ ఏడాది ఒక్కసారీ చెయ్యెత్తని అమ్మాయి, మాటలు తడబడుతూ, నీడ ఎందుకు పొద్దున పొడుగ్గా ఉంటుందో చెప్పింది. సరిగ్గానే చెప్పింది.

—

రిటైర్డ్_హెచ్‌ఎం | మంగళవారం, ఉదయం 10:40

అందరివీ చదివాను. సంతోషం. ఒక పెద్దవాడిగా రెండో వైపు కూడా చెప్పాలి.

నా సర్వీసులో పీజీ పరీక్షల నెలలో టీచర్లు సెలవు పెడితే ఆ పీరియడ్లు ఎవరు చూసుకున్నారో నాకు తెలుసు. ఒక ఏడాది ఎనిమిదో తరగతి పిల్లలకు ఆరు వారాలు ఇంగ్లీషు పాఠం జరగలేదు. ఆ ఆరు వారాలు వాళ్లకు ఎవరూ తిరిగి ఇవ్వలేదు. తప్పు ఆ టీచరుది అనను. చదువుకునే టీచరు బదులు ఇంకొకర్ని పంపే ఏర్పాటు లేకపోతే ఆ భారం నేరుగా పిల్లల మీదే పడుతుంది. చదవండి, కానీ మీ పీరియడ్లు ఎవరు తీసుకుంటారో తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.

ఇంకొకటి. సునీత అమ్మా, నీకు తెలిసింది నీ గదిలోనే ఉండిపోతే లాభం సగమే. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో మనం సర్క్యులర్లు చదువుకుని, టీ తాగి వచ్చేస్తాం. ఈసారి ఆ నోట్‌బుక్కులు పట్టుకెళ్లు. 0.35 పెద్దదని రాసిన పేజీలు నాలుగు బల్ల మీద పెట్టి, "ఈ పిల్ల ఏమనుకుని రాసి ఉంటుంది?" అని అడుగు. నువ్వు ఏమీ చెప్పకు. మాస్టర్లనే చెప్పనివ్వు.

—

తెలుగు_రాఘవ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

వెంకట్ సార్, ఒక మాట. ఏడో తరగతి కాకతీయుల పాఠంలో మోటుపల్లి అభయశాసనం ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఎం.ఏ.లో మీరు దాన్ని పూర్తిగా చదివే ఉంటారు కదా. అందులో ఏముందో పిల్లలకు ఎప్పుడైనా చెప్పారా?

—

వెంకట్_సోషల్ | మంగళవారం, రాత్రి 11:20

లేదు రాఘవ గారూ. చెప్పలేదు.

మీరు అడిగాక అటక మీద నుంచి పాత నోట్సు దింపాను. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం. గాలివానకు ఓడలు ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు అందులోని సరుకంతా లాగేసుకునేవారని, తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని సముద్ర వ్యాపారులకు ఇచ్చిన మాట అది. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, ఇలా ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా ఉంది. ఇది చదివిన రోజు నాకు ఒళ్లు పులకరించింది, ఇప్పుడు గుర్తొచ్చింది. పరీక్ష రాసి కట్ట కట్టి పైన పడేశాను. ఇన్నేళ్లూ పిల్లలకు "గణపతిదేవుడు వర్తకాన్ని ప్రోత్సహించెను" అని ఒక్క ముక్క చెప్పి బిట్ ప్రశ్న రాయించాను.

రేపు ఏడో తరగతికి మూడో పీరియడ్ ఉంది.

—

వెంకట్_సోషల్ | బుధవారం, సాయంత్రం 6:45

చెప్తాను. పాఠం చెప్పలేదు ఇవాళ. క్లాసును మూడు గుంపులు చేశాను. ఓడ మునిగిన వర్తకులు, ఒడ్డున ఉన్న జాలర్లు, రాజుగారి సుంకం అధికారులు. "ఓడ పగిలింది, సరుకు ఒడ్డుకు కొట్టుకొచ్చింది, ఎవరిది?" అని అడిగాను. పీరియడ్ అయిపోయినా గోల ఆగలేదు. ఒక జాలరి కుర్రాడు (వాళ్లది నిజంగా జాలరి ఇల్లే) లేచి, "దొరికినోడిది సార్" అన్నాడు. వర్తకుల గుంపులో అమ్మాయి, "అట్లయితే మేం ఇంకోసారి మీ రేవుకు రాం" అంది. రాజుగారు ఆ శాసనం ఎందుకు వేయించారో ఆ పిల్ల నోటితోనే వచ్చింది. నేను చివర్లో శాసనం అర్థం చదివి వినిపించాను, అంతే.

సునీత గారూ, మొన్న నేను రాసిన మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. నా ఎం.ఏ.లో పనికొచ్చేది ఉంది. దాన్ని క్లాసు దాకా తెచ్చే దారి నాకు ఎవరూ చూపించలేదు, నేనూ వెతకలేదు. బోటనీ మాస్టారికి హెచ్‌ఎం గారు దొరికారు, మీకు గైడ్ దొరికారు. నాకు రాఘవ గారి ప్రశ్న దొరకడానికి ఇన్నేళ్లు పట్టింది.

—

కొత్త_టీచరమ్మ | గురువారం, రాత్రి 8:30

మేడమ్, ఎం.ఎడ్. సంగతి వచ్చే ఏడాది చూద్దామని, హెచ్‌ఎం గారు చెప్పినట్టు ముందు ఏర్పాట్లు కనుక్కుంటాను. ఈలోగా మీ ప్రశ్నలే మా ఏడో తరగతికి ఇచ్చాను. 31 మంది. 0.35 పెద్దదన్నవాళ్లు పద్నాలుగు మంది. 0.3 కంటే 0.45 చిన్నదన్నవాళ్లు ముగ్గురు. రెండూ సరిగ్గా రాసినవాళ్లలో ఒక పాప ఉంది కానీ, ఎందుకమ్మా అంటే "మొదటి దాంట్లో సున్నా కలుపుకోవాలి టీచర్, అట్లా చెప్పిన్రు" అంది. 0.50 అంటోంది. కానీ ఎందుకు కలుపుతామో చెప్పలేకపోతోంది. ఈ పాపకి వచ్చినట్టా, రానట్టా?

—

సునీత_గణితం | గురువారం, రాత్రి 9:05

అదే అసలు ప్రశ్న అమ్మా. రేపు ఆ పాపకి ఒక మీటర్ టేపు ఇవ్వండి. 0.5 మీటరు ఎక్కడో, 0.50 మీటరు ఎక్కడో దాని మీద చూపించమనండి. వేలు రెండుసార్లూ ఒకేచోట పెడుతుందా, వేర్వేరు చోట్ల పెడుతుందా చూడండి. పెట్టాక ఏమీ అనకండి, శిరీష గారు చెప్పినట్టు మూడు లెక్కపెట్టండి. ఆ పాప ఏమంటుందో ఆమె మాటల్లోనే రాసి ఇక్కడ పెట్టండి. ఆ ముగ్గురు పిల్లల మాటలు కూడా.